మెత్త కర్ర, పదునైన ఉలి

నెల రోజులుగా ఇంట్లో చిన్న లేత్ (కర్రని గిరగిరా తిప్పుతుంటే ఉలితో కోసే మెషిన్) మీద పైన్ అనే మెత్త కర్రతో గిన్నె చెయ్యాలని కూర్చుంటున్నాను. ప్రతిసారీ ఒకటే గొడవ. గిన్నెకి ఎదురెదురుగా రెండు చోట్ల పీచు లేచిపోయేది. 80 నంబరు ఎమెరీ పేపర్ పెట్టి ఎంత రుద్దినా పోదు. అందుకే, తెలిసినవాళ్లు చెప్పిన ఓ పెద్దాయన దగ్గరికి కోనసీమ బయల్దేరాను.

రాజమండ్రిలో పొద్దున్నే బస్సెక్కాను. జొన్నాడ దగ్గర గౌతమి దాటి, రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య దిగి, కొత్తపేట వైపు ఆటో పట్టుకున్నాను. కాలవ గట్టున రేకుల షెడ్డు. ఒకప్పుడు పట్టెమంచాల కోళ్లు తరిమెన (పాతకాలం లేత్) పట్టిన చెయ్యి ఆయనది. ఇప్పుడు అదే పని మోటారు మీద.

సంచిలోంచి నా గిన్నె తీసిచ్చాను. బాబాయ్ గారు దాన్ని వెలుతురుకి పెట్టి, బొటనవేలితో లోపలి గోడ తడిమారు. గోరులా వంపున్న నా ఉలి అంచుని తన గోటి మీద ఆనించి చూశారు.

"కర్రది తప్పు కాదండి. ఉలి మొద్దుబారింది. టేకైతే ఎలాగో కోయించుకుంటుంది. మెత్త కర్ర కోయించుకోదు, నలిగి చిరిగిపోద్ది. ఆయ్."

నేను అప్పటిదాకా పూర్తిగా తలకిందులుగా అనుకుంటున్నాను. మెత్తది కదా, ఎలా కోసినా తెగుతుందిలే అని! ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర కూడా మెత్తనే, కానీ దాని నార సన్నగా, ఒకేతీరుగా ఉంటుంది. పైన్‌లో వలయానికో స్వభావం. లేత వలయం మెత్తన, ముదురు వలయం గట్టి. పేపర్‌తో రుద్దేకొద్దీ మెత్తది అరిగి, గట్టిది గట్టులా పైకి తేలుతుంది. నా గిన్నె మీద వేలికి తగిలే గట్లు అవే.

మెషిన్ల ప్యాకింగ్‌లో వచ్చిన ఆరంగుళాల పైన్ దిమ్మ బిగించారు. పట్టు కోసం అడుగున వదిలిన ముక్కని చక్‌లో (కర్రని పట్టుకునే లేత్ దవడల్లో) మరీ బిగించొద్దన్నారు, నలిగి ఊడొస్తుందట. సాన రాయి మీద ఉలి నూరి, బయటి వైపు అడుగు నుంచి అంచుకి, లోపల అంచు నుంచి నడిమికి కోశారు. అలా కోస్తే ప్రతి పీచుకీ వెనక ఇంకో పీచు దన్నుగా ఉంటుంది. మధ్యలో నాలుగుసార్లు ఆపి మళ్లీ నూరారు. నాకైతే పని కంటే నూరుడే ఎక్కువనిపించింది. రిబ్బన్లలాంటి పొట్టు ఆయన చేతి మీదుగా జారుతోంది, షెడ్డంతా జిగురు వాసన.

పీచు లేచే ఆ రెండు చోట్లా స్పిరిట్‌లో కరిగించిన లక్క పూశారు. ఆరి పీచు బిగుసుకున్నాక, వెంట్రుకవాసి మందాన ఆఖరి కోత. చేత్తో తడిమి చూశాను. పేపరే పడలేదు, నున్నగా ఉంది!

కొబ్బరినూనె రాయొచ్చా అని అడిగాను, కొబ్బరి సీమ కదా. అది ఆరదని, అవిసె నూనె రాయమని చెప్పారు.

తర్వాత నా గిన్నెని బిగించి నాచేత కోయించారు. ఒక పక్క కుదిరింది. రెండో పక్క అర అంగుళం మేర పీచు మిగిలిపోయింది. నేను పేపర్ అందుకోబోతే వారించి, అడుగున పట్టు ముక్క కోయకుండానే గిన్నె నా చేతిలో పెట్టారు.

"ఇంటికెళ్లి ఉలి సాన పట్టుకుని, అది మీరే తీసుకోండి."