ఎర్రటి ఎండలో పరంగిమలై మెట్లు

మొక్కు తీరింది. తపస్సుకాలం, అంటే ఈస్టరు ముందు వచ్చే ఉపవాస దినాలు, అయిపోయేలోపు చెప్పుల్లేకుండా చెన్నైలోని పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్ కొండ) ఎక్కుతానని అనుకున్నాను, మొన్న శుక్రవారం అత్తయ్యతో కలిసి ఎక్కేశాను. అరికాళ్ళ మంట పూర్తిగా తగ్గకముందే రాసేస్తున్నా, ఆగితే వాయిదాలు వేస్తూ పోతాను.

సంగతేంటంటే, మా ఆయనకి చెన్నై పక్కన ఆవడిలో టైలరింగ్ షాపు ఉంది. బిల్డింగ్ పడగొట్టి కొత్తది కడుతున్నాం, ఖాళీ చేయండి అన్నాడు ఓనరు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఒంగోలు వెళ్ళిపోదాం, తమ్ముడి ఇంటి ముందు గది ఖాళీగానే ఉందిగా అని ఆయన. పిల్లకి వచ్చే ఏడు పదో తరగతి, ఇప్పుడు రాష్ట్రం మారితే సిలబస్సే మారిపోతుంది, ఎలా కుదురుతుందని నేను. ఇద్దరం రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన చేసేవాళ్ళమే, తీరా లేచాక దేవుడు ఇద్దరికీ చెరో మాట చెప్పినట్టు ఉండేది! అడిగిన ప్రతివాళ్ళూ "దేవుని చిత్తానికి వదిలేయండి" అనేవాళ్ళు. వదిలేస్తాం సరే, ఒకటో తారీఖున ఇంటద్దె అడిగేవాడికి ఏం చెప్పాలి? మా వీధిలో ఒక ఆంటీ అయితే కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టు, ఆయనే దారి చూపిస్తాడంది. పెట్టాను. సంఖ్యాకాండంలో ఏ గోత్రంలో ఎంతమంది అన్న లెక్క వచ్చింది. చాలాసేపు చూశాను గానీ అందులో ఒంగోలూ లేదు, ఆవడీ లేదు.

యేసు ప్రభువు శిష్యుడు తోమా గారికి (సెయింట్ థామస్ అంటే ఆయనే) మొక్కుకున్నది అప్పుడే. అందరూ ఆయన్ని అనుమానాల తోమా అనేస్తారు, గాయాల్లో వేలు పెట్టి చూస్తేగానీ నమ్మనన్న మాటే గుర్తుపెట్టుకుంటారు. యోహాను సువార్త 14వ అధ్యాయంలో ఆయనదే ఇంకో మాట ఉంది. నువ్వెక్కడికి వెళ్తున్నావో మాకు తెలియదు, ఇక దారి ఎలా తెలుస్తుంది ప్రభువా అని మొహం మీదే అడిగేస్తాడు. మిగతావాళ్ళు అర్థమైనట్టు కూర్చుంటే ఈయన ఒక్కడే అడిగాడు. ప్రభువు కోప్పడలేదు. అలాగని అడ్రసు కూడా చెప్పలేదు, "నేనే మార్గమును" అన్నాడు. అడిగితే తిట్టడు అన్నది చాలు నాకు. ఆ అడిగినాయన ఇంత దూరం వచ్చి ప్రాణం ఇచ్చాడని చెప్పుకునేది మేం లోకల్ ట్రైన్‌లో వెళ్ళగలిగే ఈ పరంగిమలై మీదే కదా, ఇక్కడ కాకపోతే ఎక్కడ మొక్కుకుంటాం అనుకున్నాను.

జవాబు ఎలా వచ్చిందో చెప్తే సాక్ష్యంలా కూడా ఉండదు. జాకెట్టుకి లైనింగ్ వేయించుకోవడానికి వచ్చినావిడ, మా ఆయన మొహం చూసి ఏమైందని అడిగి, పక్క వీధిలో మా మేనమామ షాపు ఖాళీగా ఉందే అంది. అంతే. అద్దె పాతదానికన్నా కాస్త ఎక్కువే, కానీ అడ్వాన్సు రెండు దఫాలుగా ఇవ్వొచ్చన్నారు.

ఇక కొండ. పార్క్ స్టేషన్‌లో ట్రైన్ మారి, దిగి, కింద సిలువ ఉన్న ఆర్చీల గేటు దాకా చేరేసరికే ఎండ ముదిరిపోయింది. తెల్లవారే బయల్దేరాల్సింది గానీ పిల్లకి ఆరోజు పరీక్ష. మెట్ల పక్కన సిలువ మార్గం స్థలాలు, అంటే ప్రభువు సిలువ శ్రమల ఘట్టాలు, పధ్నాలుగూ ఉంటాయి, ఒక్కో చోట ఆగి ప్రార్థన చేసుకుంటూ ఎక్కాలి. ఆగనిస్తే కదా! నాలుగో స్థలం దగ్గర ఒక కుర్రాడు సెల్ఫీ స్టిక్ పెట్టి అందరినీ పక్కకి జరగమంటున్నాడు, వెనక బ్యాచ్ వాళ్ళు మైకులో పాట ఎత్తుకున్నారు, ముందువాళ్ళు ఇంకోటి. ప్రభువు సిలువ మోస్తున్నప్పుడు కూడా చుట్టూ గోల ఇలాగే ఉండుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను గానీ ఒళ్ళు మండింది.

రాతి మెట్లు పెనంలా కాలుతున్నాయి. నేనైతే గబగబా అడుగులేసి నీడకి పోతున్నా, అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి గానీ పైకి వెళ్ళలేరు. సగం దాటాక ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పులు సంచిలోనే ఉన్నాయి, వేసుకోండి అంటే వినరు. మొక్కు నీదైనా నడిచేది నేనూ కదా అంటారు.

అప్పుడొచ్చింది ఒక తమిళావిడ. అరవై దాటి ఉంటాయి, నల్లపూసల్లాంటి జపమాల మెడలోనే వేసుకుంది. ఏమీ అడగలేదు. భుజం మీద తుండుగుడ్డ తీసి పంటితో కొరికి నిలువునా చింపింది, బాటిల్లో నీళ్ళు పోసి తడిపింది, మెట్టు మీద చతికిలపడి అత్తయ్య కాలు తన ఒళ్ళో పెట్టుకుని చుట్టడం మొదలుపెట్టింది. మడమ దగ్గర రెండు చుట్లు, వేళ్ళ మీద ఒకటి, పైన ముడి. అత్తయ్య కాలు లాక్కోబోయారు, మొక్కమ్మా, మొక్కు అంటూ. ఆవిడ తలెత్తకుండానే "తుణి సెరుప్పు ఇల్లమ్మా" అంది. గుడ్డ చెప్పు కాదుగా అని! అంత బాధలోనూ అత్తయ్య ఫక్కున నవ్వేశారు. రెండో కాలికీ కట్టి, మిగిలిన నీళ్ళు నా కాళ్ళ మీద పోసేసింది. ఆమె తాగడానికి ఏం మిగల్లేదు. పేరు అడుగుదామని చూసేసరికి జనంలో కలిసిపోయి కిందికి దిగిపోతోంది, అంటే ఆవిడ దర్శనం అప్పటికే అయిపోయిందన్నమాట.

పైన గుడి చిన్నది, జనం చాలామంది. బలిపీఠం వెనక గోడలో ఉంటుంది ఆ రాతి సిలువ, 1547లో పునాది తవ్వుతుంటే దొరికింది, 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుండగా రక్తపు చెమట పట్టిందని చెప్పుకునే సిలువ. మనం చదవలేని పహ్లవి (పాత పారశీక లిపి) అక్షరాలు చుట్టూ, పైనుంచి దిగుతున్న పావురం. అంతసేపు నిలబడినా నాకు దొరికింది రెండు క్షణాలే, వెనక నుంచి తోసేశారు. ఆ రెండు క్షణాల్లో ఏమీ అడగలేకపోయాను. థాంక్స్ కూడా చెప్పలేదు. ఊరికే చూశాను. పక్కనుంచి అత్తయ్య గట్టిగా "స్తోత్రం తండ్రీ" అన్నారు, ఇద్దరి తరఫునా అదే అనుకున్నాను.

కొత్త షాపు అడ్వాన్సులో రెండో సగం ఆగస్టులోపు కట్టాలి, ఎక్కణ్ణుంచి వస్తుందో ఇప్పటికైతే తెలియదు. రోజూ అడుగుతూనే ఉన్నా. అత్తయ్య మాత్రం ఆగస్టు 29న బెసెంట్ నగర్ వేళాంకణ్ణి మాత గుడిలో జెండా ఎత్తేరోజుకి కాషాయం చీర కట్టుకుని ఆవడి నుంచి నడిచే వెళ్దామని అప్పుడే మొదలుపెట్టారు. మీరు నడవండి అత్తయ్యా, నేను తుండుగుడ్డలు పట్టుకుని బస్సులో వస్తానన్నాను.