పాటు మీద రండమ్మా

డిగ్రీలో పర్యావరణం పేపర్ పరీక్షకు ముందు రోజు రాత్రి చదివి గట్టెక్కాను. 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అన్ని కోర్సుల వాళ్లకూ వచ్చిన పేపర్ అది. ఎమ్మెస్సీలో పర్యావరణ విద్య, నేచర్ ఇంటర్‌ప్రిటేషన్ (అంటే ప్రకృతిని చూడ్డానికి వచ్చినవాళ్లకు దాని అర్థం విప్పి చెప్పడం) ఎంచుకున్నప్పుడు ఇదీ అలాగే అయిపోతుందనుకున్నాను. థియరీ నిజంగానే తేలిక. పర్యావరణ విద్య మీద 1977లో జరిగిన ట్బిలిసీ సదస్సు, ఇంటర్‌ప్రిటేషన్‌కు ఫ్రీమన్ టిల్డెన్ చెప్పిన ఆరు సూత్రాలు, ఇంకొన్ని. అసలు పరీక్ష చివర్లో ఉంది. ఒక చోటు ఎంచుకుని, స్కూలు పిల్లల్ని ముప్పావు గంట నడిపించాలి.

నేను కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి తీసుకున్నాను. ప్లాన్ మీద ‘మడ అడవుల జీవవైవిధ్యం’ అని రాసుకెళ్తే మా మేడమ్ కొట్టేశారు. “ఇది హెడ్డింగ్. పిల్లలు ఇంటికెళ్లి అమ్మకు చెప్పే మాట ఏది? అది ఒక్క వాక్యంలో రాసుకురా” అన్నారు. మూడు వారాలు తిరిగినా ఆ వాక్యం నాకు దొరకలేదు.

రిహార్సల్‌గా ఎనిమిదో తరగతి పిల్లలతో వెళ్లాను. చాలామంది మత్స్యకారుల పిల్లలే. చెక్క వంతెన మీద నిలబడి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లని, 1978లో ప్రకటించారని, చెట్ల శాస్త్రీయ నామాలతో సహా చెప్పాను. శ్వాస వేర్ల దగ్గరికి వచ్చేసరికి కింద అంతా నీళ్లే. పోటు టైమ్ అది, సముద్రపు నీళ్లు పైకొచ్చే వేళ. ఒక్క వేరూ కనిపించలేదు. పిల్లలు వంతెన సందుల్లోంచి కిందికి పుల్లలు వదులుతున్నారు.

తిరుగు దారిలో పడవ నడిపే ఆయన నా మొహం చూసి అన్నాడు, “పాటు మీద రండమ్మా. అప్పుడు మడ దానంతటదే మాట్లాడుద్ది.” పాటంటే నీళ్లు దిగిపోయే వేళ. ఆయనే 1996 నవంబరు తుఫాను గురించీ చెప్పాడు. “గాలి మా ఇంటిని కొట్టే ముందు మడను కొట్టింది.” నేను వెతుకుతున్న వాక్యం ఇదే కదా అనిపించి, టికెట్ వెనక రాసుకున్నాను.

వినేవాళ్ల బతుకుతో ముడిపడని మాట చప్పగా ఉంటుందన్నది టిల్డెన్ మొదటి సూత్రం. పెద్దలకు చెప్పేదాన్నే పలచన చేసి పిల్లలకు చెప్పొద్దన్నది ఆరోది. రెండూ నాకు కంఠతా వచ్చు, కానీ వంతెన మీద రెండూ తప్పాను.

అసలు పరీక్ష రోజున పాటు ఎన్నింటికో ముందే కనుక్కుని, నడక ఆ టైమ్‌కే పెట్టుకున్నాను. నీళ్లు దిగిన బురదలో మడ వేర్లు పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకు వేలు పైకి లేచి ఉన్నాయి. పక్కనే పీతలు, గెంతే చేపలు. నేను అంకెలు చెప్పలేదు. ఆకు మీద తెల్లగా మెరుస్తున్న పొడి చూపించి నాలికతో అద్దమన్నాను. “ఉప్పు!” అని ఒకేసారి అరిచారు. చెట్టు ఉప్పునీళ్లు తాగి, ఎక్కువైన ఉప్పును ఆకులోంచి ఇలా బయటికి నెట్టేస్తుందని అప్పుడు చెప్పాను. ఊపిరి ఎలా తీస్తుందని అడిగితే, ఒక అమ్మాయి వంగి వేరు మీది సన్నటి రంధ్రాలు చూపించింది. “బురదలో గాలి ఉండదు కదక్కా, అందుకే ముక్కులు పైకి పెట్టుకుంది.”

పోటొస్తే మరి ఏం చేస్తాయని ఒకడు అడిగాడు. జవాబు చెప్పకుండా అందర్నీ ముక్కు మూసుకోమన్నాను. నిలబడి చూస్తున్న మా మేడమ్ కూడా మూసుకున్నారు.