కొండెక్కిన పొగబండి

లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కి, ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో ఉన్న కాంబోర్న్ ఊళ్లో దిగేసరికి దాదాపు అయిదు గంటలు. దారంతా నిద్రే. ఏప్రిల్ చివరి శనివారం, ట్రెవితిక్ డే. వీధంతా కార్న్‌వాల్ జెండాలు, నలుపు మీద తెల్ల శిలువ.

నేను వచ్చింది పఫింగ్ డెవిల్ కోసం. ఇంజనీర్ రిచర్డ్ ట్రెవితిక్ 1801 క్రిస్మస్ ముందురోజు మనుషుల్ని ఎక్కించుకుని ఈ ఊరి గుట్ట ఎక్కించిన ఆవిరి బండికి ఇది నకలు. రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంగా ట్రెవితిక్ సొసైటీ వాళ్లు తయారుచేశారు. రైలును పొగబండి అనేవాళ్లం కదా, పట్టాలక్కర్లేని అసలు పొగబండి ఇదే.

ముందు వాసన తగిలింది: బొగ్గు, వేడి నూనె. అడ్డంగా పడుకోబెట్టిన పీపాలాంటి బాయిలర్, దాన్లోంచే లేచి దిగే పిస్టన్ కడ్డీ. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టంలోకి 'ఛఫ్'మని తన్నుకుపోతోంది, ఆ ఊపుకి నిప్పు ఇంకా రాజుకుంటోంది. అంతకుముందు జేమ్స్ వాట్ చేసిన ఇంజన్లలో ఆవిరిని చల్లార్చి నీరు చేసే కండెన్సర్ ఉండేది. ట్రెవితిక్ ఒత్తిడి పెంచి దాన్ని వదిలించుకున్నాడు. అందుకే ఇంజను చక్రాల మీద పట్టేంత చిన్నదైంది.

బండి కదిలింది. ముందు పచ్చ జాకెట్ వేసుకున్న మనిషి జనాన్ని పక్కకి జరుపుతున్నాడు. 1865 చట్టం ప్రకారమైతే అతను 60 గజాల ముందు ఎర్రజెండా పట్టుకుని నడవాలి, బండి ఊళ్లో గంటకు 2 మైళ్లు, ఊరి బయట 4 మైళ్లు దాటకూడదు. ఇప్పుడూ దాటేలా లేదు. పక్కన నడుస్తూ నేనే రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

బొగ్గు వేస్తున్న పెద్దాయన ఒక్కసారీ రోడ్డు వైపు చూడలేదు. అదే అడిగాను.

"రోడ్డు చూసేవాళ్లు వేరే ఉన్నారండీ. నేను నీళ్లు చూసుకోవాలి" అంటూ నీటిమట్టం తెలిపే గాజుగొట్టం చూపించారు.

నీళ్లు ఎందుకు చూసుకోవాలో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. 1801 నాటి అసలు బండి కొద్ది రోజులకే దారిలో మొరాయిస్తే, దాన్ని ఓ పాకలోకి నెట్టి, నిప్పు ఆర్పకుండానే అంతా సత్రంలో విందుకి కూర్చున్నారట. నీళ్లు ఇగిరిపోయాయి. బండీ పాకా కాలిపోయాయి. అలా రెండోసారి కొండెక్కింది.

ఈసారి గుట్ట మీద ఆగాక, టీ తాగడానికి బండి నడిపిన ముగ్గురిలో ఇద్దరే వెళ్లారు. పెద్దాయన గాజుగొట్టం దగ్గరే నిలబడ్డారు.