బాబాయి, కాఫీ, అమెరికా

మా బాబాయి సైన్యంలో, ఎంఈజీలో (మద్రాస్ ఇంజినీర్ గ్రూప్) సుబేదారుగా చేసి, రిటైరయ్యాక బెంగళూరులోనే, అల్సూరులో ఉండిపోయాడు. మొన్న ఆదివారం వెళ్తే మాటలు అమెరికా రాజకీయాల మీదకి మళ్లాయి. 2018-19లో అక్కడ నిధులు మంజూరు కాక 35 రోజులు ప్రభుత్వం మూతపడితే కోస్ట్ గార్డ్ వాళ్లు జీతం రాకపోయినా డ్యూటీ చేశారని చెప్పాను. "జీతం ఆపి సెల్యూట్ కొట్టమంటారా?" అని స్టీలు గ్లాసు ఠంగుమని పెట్టాడు, కాఫీ ఒలికి పేపరంతా తడిసింది, పిన్ని చూసిన చూపు సంగతి వేరే.

ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది మాత్రం 2021 జనవరి 6. ఎన్నికల్లో ట్రంప్ ఓటమిని ఒప్పుకోక అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్‌లోకి చొరబడిన గుంపులో మాజీ సైనికులూ ఉన్నారు, సైన్యంలో చేరేటప్పుడు రాజ్యాంగాన్ని కాపాడతామని ప్రమాణం చేసినవాళ్లే! దానికి మూడు రోజుల ముందే, డిక్ చెనీతో సహా రెండు పార్టీలకూ చెందిన పదిమంది మాజీ రక్షణ మంత్రులు, ఎన్నికల తగాదాలోకి సైన్యాన్ని లాగొద్దని వాషింగ్టన్ పోస్ట్‌లో రాశారు.

"ఆ మాట కాగితం మీద రాయాల్సి వచ్చిందంటేనే భయమేస్తోందిరా" అన్నాడు, తడిసిన పేపరు ఫ్యాను కింద ఆరబెడుతూ.