ఏడున్నర షిల్లింగుల ఎలుగుబంటి

ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్ నార్త్ స్టేషన్‌లో దిగేసరికి సన్నగా తుంపర. సముద్రం అక్కడికి పది నిమిషాల నడక. గాలికి గొడుగు రెండుసార్లు తిరగబడింది. ఇక లాభం లేదని మూసేసి, తడుస్తూనే నార్త్ పియర్ ఎక్కాను. 1863లో తెరిచిన పియర్ ఇది. చూడ్డానికి సముద్రంలోకి చాచిన వంతెనలాగే ఉంటుంది, అవతలి గట్టే ఉండదు. కాళ్ల కింద చెక్కల సందుల్లోంచి కెరటాలు కనిపిస్తుంటే కాస్త టెన్షన్ పడ్డానని ఒప్పుకోవాలి.

1948లో హ్యారీ కార్బెట్ అనే ఆయన పిల్లలతో సెలవులకు వచ్చి, ఈ పియర్ మీదే చేతికి తొడుక్కుని ఆడించే ఓ పసుపుపచ్చ ఎలుగుబంటి చేతిబొమ్మ కొన్నాడు. ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలు, అంటే ఏడున్నర షిల్లింగులు. 1952లో దాన్ని పట్టుకుని బీబీసీ తెర మీదికొచ్చాడు. తీరా చూస్తే నలుపు తెలుపు టీవీలో ముక్కూ చెవులూ సరిగా ఆనలేదు. వాటికి మసి పూశాడు. మసిని ఇంగ్లిష్‌లో సూట్ అంటారు కదా, అలా బొమ్మ పేరు సూటీ అయింది.

ఆ కొట్టు ఎక్కడుండేదో నాకు దొరకలేదు. ఓ బెంచీ మీద కూలబడ్డాను. మేనకోడలి కోసం కొన్న పసుపు చేతిబొమ్మ బ్యాగులో ఉంది. ఫోన్ కెమెరాను నలుపు తెలుపులో పెట్టి ఫొటో తీశాను. లేత గోధుమరంగు దారంతో కుట్టిన ముక్కు మాయం, మొహమంతా ఒకటే పిండిముద్ద! కాటుక పెన్సిల్ తీసి ముక్కు మీదా చెవుల మీదా రుద్దాను, పెద్ద దిష్టిచుక్కలాగా. మళ్లీ తీశాను. ఈసారి నావైపే చూస్తోంది.

సూటీ పైకి మాట్లాడడు. హ్యారీ చెవిలో గుసగుసలాడేవాడు, అదేమిటో ఆయన మనకి చెప్పేవాడు. 1946 నుంచే బీబీసీలో మఫిన్ అనే కంచరగాడిద పియానో మీద గంతులేసేది కానీ, అది పైనుంచి దారాలతో ఆడించే బొమ్మ. చెవిలో రహస్యాలు చెప్పాలంటే చేతిబొమ్మే చక్కగా కుదురుతుందని నా అభిప్రాయం.

చూపుడువేలు తలలో, బొటనవేలూ మధ్యవేలూ చేతుల్లో దూర్చి నేనూ ప్రయత్నించాను. రెండు నిమిషాలకే మణికట్టు లాగేసింది. పక్క బెంచీలో పెద్దాయన ఒకరు ఇదంతా చూస్తూనే ఉన్నట్టున్నారు.

"ఏమంటున్నాడు?" అని అడిగారు, చాలా సీరియస్‌గా.

బొమ్మను మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"చలేస్తోందట," అన్నాను.