ఎల్‌ఈడీలతో ప్లాంక్ స్థిరాంకం

రకరకాల రంగుల ఎల్‌ఈడీల వోల్టేజి కొలిచి ప్లాంక్ స్థిరాంకం h (ఫోటాన్ అనే కాంతి కణం శక్తికీ, ఆ కాంతి పౌనఃపున్యానికీ ఉన్న నిష్పత్తి) కనుక్కునే ప్రయోగం ఇది. ఇందులో ఎక్కువ పొరపాటు కంటి దగ్గరే. "వెలగడం మొదలైన వోల్టేజి" అని చూసి రాస్తే లెక్క దారి తప్పుతుంది. మన కంటికి 555 నానోమీటర్ల పచ్చరంగు బాగా ఆనుతుంది, ఎరుపు, నీలం అంతగా ఆనవు. అందుకే కన్ను కాదు, కరెంటు చూడాలి: ప్రతి ఎల్‌ఈడీలోనూ సరిగ్గా 10 మైక్రోఆంపియర్లు పారేలా పొటెన్షియోమీటర్ (వోల్టేజి పెంచే, తగ్గించే నాబ్) తిప్పి, అప్పుడు దాని వోల్టేజి రాసుకోండి. సిరీస్‌లో 1 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. వోల్ట్‌మీటర్ కొసలు ఎల్‌ఈడీ కాళ్లకే తగలాలి, రెసిస్టర్‌ని కలుపుకుంటే దాని వోల్టేజీ వచ్చి చేరుతుంది.

ఒక్క ఎల్‌ఈడీతో eV = hc/λ (e ఎలక్ట్రాన్ ఆవేశం, V వోల్టేజి, c కాంతి వేగం, λ తరంగదైర్ఘ్యం) అని తేల్చేయడం నాకు అసలు నచ్చదు. 630 నానోమీటర్ల ఎరుపుకి ఫోటాన్ శక్తి 1.97 ఎలక్ట్రాన్ వోల్టులు, 470 నీలానికి 2.64. మీటరు చూపేది అంతకంటే తక్కువే. నాలుగైదు రంగులు తీసుకుని వోల్టేజి–పౌనఃపున్యం గ్రాఫ్ గీస్తే ఆ తేడాలో చాలా భాగం ఇంటర్సెప్ట్‌లోకి (గీత వోల్టేజి అక్షాన్ని తాకే విలువలోకి) పోతుంది. వాలు 4.14×10⁻¹⁵ వోల్ట్ సెకన్ల దరిదాపుల్లో రావాలి, దాన్ని e తో గుణిస్తే h. తెల్ల ఎల్‌ఈడీ జోలికి పోకండి, లోపల ఉన్నది ఫాస్ఫర్ (నీలి కాంతిలో కొంత భాగాన్ని వేరే రంగులుగా మార్చే పదార్థం) పూసిన నీలమే.