మోటరు ఆగితేనే ఫోటో

బోరు మోటరు ఆపించాకగానీ బల్ల వణుకు తగ్గలేదు. కంటికి తెలియని వణుకు, లెన్సుకు బాగా తెలుస్తుంది.

మా నల్లగొండ బత్తాయి తోటలో దొరికిన చచ్చిన తూనీగ ఇది. ఒకటికి ఒకటి సైజులో, అంటే కెమెరా సెన్సరు మీద తూనీగ అసలు సైజులోనే పడేలా, లెన్సు రంధ్రం ఎఫ్ 5.6 దగ్గర పెడితే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు అర మిల్లీమీటరే. కన్ను దొరికితే మెడ మసక. రంధ్రాన్ని ఎఫ్ 22కి మూస్తే లోతు పెరుగుతుంది, కానీ డిఫ్రాక్షన్‌తో, అంటే చిన్న రంధ్రంలో వెలుగు చెదిరి, ఫోటో అంతా మెత్తబడుతుంది. అందుకే కెమెరాను ముందుకు జరిపే పట్టా, అదే రైలు, దాని మర కొంచెం కొంచెం తిప్పుతూ చాలా ఫోటోలు తీయడం.

ఫ్లాష్‌కు ట్రేసింగ్ పేపరు అడ్డం పెట్టా. నన్నడిగితే రైలు కంటే అదే గొప్ప.

"సచ్చిన తూనీగకు గింత లైటింగా బిడ్డా?" అంది అమ్మ.

ఇప్పుడు లాప్‌టాప్ ఆ ఫోటోల్లో స్పష్టంగా ఉన్న భాగాలన్నీ ఒకే ఫోటోగా కలుపుతోంది. ముఖం మీది వెంట్రుకల చుట్టూ మసక అంచులు వచ్చేలా ఉన్నాయి, వాటిని చేత్తోనే దిద్దాలి.